ధర్మాబాద్ నల్లరేగడిలో పైల్ పునాది: ఇన్ని వానాకాలాల తరవాత మా ఇల్లు

కొత్త ఇల్లు గృహప్రవేశం నాడు ఎవరిదైనా బాగానే ఉంటుంది. మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలో, అందులోనూ మా ధర్మాబాద్ లాంటి నల్లరేగడి ఊళ్లో, కాంక్రీట్ పని ఎలా చేశారో తెలియాలంటే నాలుగైదు వానాకాలాలు, అన్నే ఎండాకాలాలు గడవాలి. మేం 2016 వేసవిలో పని మొదలుపెట్టాం. నిజామాబాద్ వైపు గుత్తేదారు ఒకాయన పునాది నుంచి స్లాబ్ దాకా చేశాడు. ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను: ఇంటికి నూటికి తొంభై మార్కులు ఇస్తాను. ఇంటి చుట్టూ చేసిన పనికి సగం కూడా ఇవ్వను.

ఈ మట్టి సంగతి ఇక్కడివాళ్లకి కొత్త కాదు. మే నెలలో చెయ్యి దూరేంత నెర్రెలు. జూలైలో గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు ఎత్తే నాటికి అదే నేల నీళ్లు తాగి ఉబ్బుతుంది. మామూలు రాతి పునాది మీద కట్టిన ఇళ్లలో వానాకాలం తలుపులు పట్టేస్తాయి, ఎండలు ముదిరాక మళ్లీ వదులవుతాయి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు పాకుతుంది. ఏటా పుట్టీ పెట్టి రంగు వేస్తారు, మరుసటి ఏడాది అదే చోట మళ్లీ విచ్చుకుంటుంది. గోడలో లోపం కాదది, కింద నేల కదులుతోంది.

మా గుత్తేదారు నాకు నచ్చింది ఇక్కడే. సిమెంట్ ఏ కంపెనీది, సలాక ఎంత మందం అనే మాటల కన్నా ముందు మట్టి పరీక్ష చేయించమన్నాడు. ల్యాబ్‌లో నేను దగ్గరుండి చూశాను. జల్లించిన పొడి మట్టి పది గ్రాములు ఒక గాజు జాడీలో నీళ్లలో, ఇంకో పది గ్రాములు మరో జాడీలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్లలో ఉబ్బుతుంది. రెండింటి తేడాని శాతంలో లెక్కగడతారు. 50 దాటితే జాగ్రత్తపడాలి, 100 దాటితే మామూలు పునాది మాట మర్చిపోవాలి. జాడీలు పక్కపక్కన పెట్టి చూశాక నాకిక ఎవరూ ఏమీ వివరించక్కర్లేకపోయింది.

"సార్, ఈ మట్టి మీద ఇల్లు కూసోదు, కింద పట్టుకుంటెనే నిలబడ్తది" అన్నాడు మేస్త్రీ. ఆ పట్టు కోసమే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దింపి అడుగున ఉబ్బెత్తుగా చేసే కాంక్రీట్ స్తంభాలు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన నల్లరేగడి కోసమే తయారుచేసిన పద్ధతి ఇది. వానకీ ఎండకీ నేలలో తడి మారే లోతు సుమారు మూడున్నర మీటర్లు అనుకుంటారు, అందుకే పైల్ కనీసం అంత లోతుకి పోవాలి. అడుగున గుంతని వెడల్పు చేసి బల్బులా తీస్తారు, పైనున్న స్తంభం మందానికి దాదాపు రెండున్నర రెట్లు. పై మట్టి ఉబ్బి పైకి లాగినా ఆ బల్బు కింద పట్టుకుని ఉంటుంది.

మనుషులు చేత్తో ఆగర్ (గుంత తొలిచే బర్మా) తిప్పుతుంటే చూడాలి. కింద కత్తులు విచ్చుకుని అంచులు గీరుతుంటే మట్టి బకెట్‌లో పడుతుంది. మట్టి రావడం ఆగిందంటే బల్బు పూర్తయినట్టు. తీసిన గుంతని రాత్రికి వదలకుండా అదే రోజు కాంక్రీట్ నింపాలని మేస్త్రీ పట్టుబట్టాడు. కాంక్రీట్ కలిపే మిల్లర్ దగ్గర సిమెంట్ బస్తాకి ఇన్ని నీళ్లని డబ్బా కొలత పెట్టాడు. పని తేలికవుతుందని పైపుతో నీళ్లు కొట్టేవాళ్లని చాలామందిని చూశాను, ఇతను ఒప్పుకోలేదు.

అన్నింటికన్నా విలువైన పని మాత్రం కంటికి కనిపించదు. పైళ్లని కలుపుతూ గోడల కింద వేసే కాంక్రీట్ దూలం, అదే ప్లింత్ బీమ్, దానికీ కింద నేలకీ మధ్య 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీమ్‌ని ఎత్తదు. పైళ్లు వేసి కూడా బీమ్‌ని తిన్నగా మట్టి మీదే పోసిన ఇళ్లు ఉన్నాయి. పెట్టిన ఖర్చంతా వృథా. మీరు ఎవరికి పని ఇచ్చినా బీమ్ సెంట్రింగ్ కట్టే రోజు మాత్రం వెళ్లి అక్కడే నిలబడండి.

అది కరువుకి లాతూరుకి రైల్లో నీళ్లు పంపిన ఏడాది. క్యూరింగ్‌కి, అంటే కాంక్రీట్‌ని తడిపి ఉంచడానికి, నీళ్లు దొరకడం పెద్ద టెన్షన్. ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) కలిసిన సిమెంట్‌కి కనీసం పది రోజులు తడి ఆరకూడదు. మా ఊరు మిర్చి మార్కెట్ కాబట్టి పాత గోనెలకి కొదవలేదు. ఉతికించి బీమ్‌ల మీద పరిచి, ట్యాంకర్ నీళ్లతో తడిపాం. అదే ఏడాది సెప్టెంబరులో కరువు తీరా, అంతకు మించి కురిసింది. చుట్టూ నీళ్లు నిలిచాయి. గోడలకి ఒక్క పగులు రాలేదు, ఇప్పటికీ లేదు. తలుపులు ఏ కాలంలోనైనా ఒకేలా పడతాయి.

లోపలి గచ్చు కూడా బాగుంది. నల్లమట్టి తీసేసి మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి దిమ్మిస కొట్టారు. టైల్స్ కదల్లేదు.

ఇక ఫిర్యాదులు. ఇంటి చుట్టూ వేసే కాంక్రీట్ పట్టీ, అదే యాప్రాన్, ఒప్పందంలో సరిగా రాయలేదని గుత్తేదారు చివర్లో హడావిడిగా కానిచ్చేశాడు. వెడల్పు చాలదు, ఉత్తరం వైపు వాలు గోడ వైపుకే ఉంది. రెండో వానాకాలానికే గోడకీ పట్టీకీ మధ్య సందు పడి నీళ్లు నేరుగా పునాది పక్కకి దిగాయి. పగలగొట్టించి వెడల్పుగా, వాలు బయటికి పెట్టి మళ్లీ వేయించాం, గోడ దగ్గర సందుని తారుతో మూయించాం. ప్రహరీకి మామూలు పునాదే వేశారు. అది మెట్లు మెట్లుగా పగిలింది, వేపచెట్టు ఉన్న వైపు మరీ ఎక్కువ. చెట్టు వేసవిలో నేల తడిని లాగేస్తుంది, అక్కడ మట్టి ఇంకా కుంచించుకుపోతుంది. ఇంటి గోడకి దగ్గరగా పెద్ద చెట్టు పెట్టకండి, ఇంకుడు గుంత కూడా దూరంగా తవ్వించండి.

ఖర్చు మామూలు పునాది కన్నా ఎక్కువే అయింది. నాకు బాధ లేదు. అయితే ఇది అందరికీ అవసరం కాదు. మాకు రెండు వీధుల అవతల నాలుగు అడుగులకే గట్టి మొరం తగిలింది. వాళ్లు దాని మీదే మామూలు ఫుటింగులు వేసుకున్నారు, ఇల్లు నిక్షేపంగా ఉంది. అందుకే రేటు మాట్లాడే ముందు జాగాలో రెండు మూడు చోట్ల గుంత తీయించి నల్లమట్టి ఎంత లోతుందో చూసుకోండి. ఒప్పందం రాసేటప్పుడు యాప్రాన్ వెడల్పు, వాలు, ప్రహరీ పునాది కూడా అందులో రాయించండి.