లెనార్డ్ కోహెన్ తొలి ఆల్బమ్: మాట కోసమే పాట

గొంతు గొప్పది కాదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. 'సాంగ్స్ ఆఫ్ లెనార్డ్ కోహెన్'లో గమకాల కోసం, పెద్ద రాగాల కోసం వెతికితే నిరాశే. 1956లో మొదటి కవితా సంపుటి వేసి, ఆ తర్వాత రెండు నవలలు కూడా రాసిన మాంట్రియల్ కవి, 33 ఏళ్ల వయసులో, 1967 డిసెంబరులో తెచ్చిన పది పాటలివి. నాకైతే ఈ పది పాటలూ ప్రాణం.

'సుజాన్' ముందు కవితగానే అచ్చయింది. కానీ పాటగా వింటేనే దాని పనితనం పూర్తిగా తెలుస్తుంది. ప్రతి చరణం చివరా తిరిగొచ్చే మాటలు పైకి ఒకేలా ఉంటాయి, జాగ్రత్తగా వినండి: మొదటిసారి ఆమె నిన్ను నమ్ముతుంది అంటాడు, రెండో చరణంలోకి ఏసు వచ్చాక నువ్వే ఆయన్ని నమ్ముతావేమో అని కాస్త తటపటాయిస్తాడు, మూడోసారి ఆమెను నమ్మొచ్చని నీకు తెలుసు అని తేల్చేస్తాడు. బాణీ అదే, మనిషే మారిపోయాడు. కాగితం మీద కన్ను జారిపోయే ఈ చిన్న తేడాని చెవి పట్టేస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'ద స్ట్రేంజర్ సాంగ్'. ఒక్క గిటార్, ఒక్క గొంతు, అంతే. నైలాన్ తీగల మీద వేళ్లు పరుగెడుతుంటే పైన గొంతు మాత్రం ఏ తొందరా లేకుండా కథ చెప్పుకుంటూ పోతుంది, ఆ రెండు వేగాల మధ్య పుట్టే టెన్షన్ ఐదు నిమిషాలు వదలదు.

నిర్మాత జాన్ సైమన్ కొన్ని పాటలకి వయొలిన్లు, ఆడవాళ్ల కోరస్ చేర్చాడు. కోహెన్‌కి అదంతా నచ్చలేదు, నేనూ ఆయన పక్షమే. ఒక్క 'సో లాంగ్, మరియాన్'లో మాత్రం ఆ కోరస్ లేకపోతే వీడ్కోలు అంత గట్టిగా తగలదు. 'మాస్టర్ సాంగ్' నాకు బరువెక్కువ అనిపించింది, ప్రతీకలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి.

ఇంగ్లిష్ పాటల్లో మాటలు అందవని భయపడేవాళ్లు కూడా దీన్ని ధైర్యంగా మొదలుపెట్టొచ్చు, ఎందుకంటే ప్రతి పదమూ స్పష్టంగా పలుకుతాడు. పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకుని వినండి. 2007లో వచ్చిన కూర్పు దొరికితే అదే కొనండి, అందులో అదనంగా రెండు పాటలున్నాయి.