బూడిద గాలిలో పదమూడేళ్లు: మారోవిండ్

మారోవిండ్ అనే కంప్యూటర్ ఆటలో ఆల్డ్‌రూన్ అని ఒక ఊరు. అక్కడ బూడిద గాలి లేస్తే వీధిలో గాలికి ఎదురుగా ఉన్నవాళ్లంతా ఒక చెయ్యెత్తి కళ్లకు అడ్డం పెట్టుకుంటారు. కావలివాళ్లు, దారిన పోయేవాళ్లు, అందరూ. కెమెరాను వెనక్కి పెట్టుకుని చూస్తే మన పాత్ర కూడా అదే చేస్తుంది. మారోవిండ్ పదమూడేళ్లుగా నా కంప్యూటర్‌లో ఉందంటే కారణం ఆ చెయ్యే.

ఆట వచ్చింది 2002లో. జాతులెన్ని, మంత్రాలెన్ని, కథేంటి అనేవి తెలియనివాళ్లు తక్కువ, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్క మాట మీద. ఫాంటసీ ఆర్‌పీజీ (ఒక పాత్రను నడిపిస్తూ ఆడే ఆట) అంటే పచ్చటి అడవి, రాతి కోట, సత్రంలో చలిమంట ఉండాలి, అగ్నిపర్వతం చుట్టూ బూడిద దిబ్బలు పెడితే ఎవరికి ఆడబుద్ధవుతుంది అంటాడు మా చిన్నమ్మ కొడుకు. అట్లా అనేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. దసరాకు హన్మకొండ వచ్చినప్పుడు వాడి ముందు లాప్‌టాప్ పెట్టి కూర్చోబెట్టాను. సిల్ట్ స్ట్రైడర్ ఎక్కి, అదొక పెద్ద పురుగు, బస్సులాగా పనిచేస్తుంది, ఆల్డ్‌రూన్‌లో దిగాడు. దిగీ దిగగానే గాలి లేచింది.

"గిదేంది అన్నా, అంత దుబ్బే ఉన్నది. మనూరికి పోయినట్టున్నది" అన్నాడు. అరగంటలో లేచి ఫోన్ పట్టుకున్నాడు.

వాడు ఆడేది ఆబ్లివియన్, ఇదే వరసలో తర్వాతి ఆట. 2006 నాటి ఆటను 2025లో కొత్తగా ముస్తాబు చేసి వదిలారు. ఎటు చూసినా చెట్లు, గడ్డి, ఎండ. నేనూ ఆడాను, బాగుంది, కాదనను. కానీ ఆపేసిన నెలకు అందులో ఏ ఊరు ఎటుందో అడిగితే చెప్పలేకపోయాను.

వాడన్నదాంట్లో నాకు తగిలిన మాట "మనూరు". మేం పెరిగింది గోదావరి పక్కన బొగ్గుబాయిల ఊళ్లో. ఎండాకాలం గాలి ఎటునుంచి వస్తుందో చూడకుండా అమ్మ దండెం మీద బట్టలు వేసేది కాదు. గాలి మళ్లిందంటే "దుబ్బ వస్తున్నది, బట్టలు తియ్ రా" అని కేక. తియ్యడం ఆలస్యమైతే తెల్ల బనియన్ కుట్ల వెంట సన్నగా నల్లగీత పడేది, ఎంత ఉతికినా పోదు. బాపు మొదటి షిఫ్ట్ దిగి సైకిల్ మీద వచ్చేటప్పుడు మొహానికి దస్తీ ఉండేది, ఒక చెయ్యి హ్యాండిల్ మీద, ఒక చెయ్యి కళ్లకు అడ్డం. రోడ్డు మలుపు తిరిగి గాలి వీపు మీదికి వచ్చాక ఆ చెయ్యి దింపేవాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సమీక్షలో నా మాట మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలో మీరే తేల్చుకోవాలని.

2012లో నేను కాకతీయ యూనివర్సిటీలో పీజీ. నయీంనగర్‌లో నలుగురం ఒక రూమ్‌లో ఉండేవాళ్లం. నా దగ్గర సెకండ్ హ్యాండ్ కంప్యూటర్, పదిహేడు అంగుళాల మానిటర్. ఒకడు ఈ ఆట ఇచ్చి "ముసలిదే, నీ డబ్బా మీద నడుస్తది" అన్నాడు. నడిచింది.

ఈ ఆటలో ఎటు పోవాలో చూపించే బాణం ఉండదు. ఎవరో ఒకరు నోటితో దారి చెబుతారు, అది డైరీలో పడుతుంది, చదువుకుని నడవాలి. అట్లా కథ నడుమ ఉర్షిలాకు అనే సంచార తెగ దగ్గరికి పొమ్మంటారు. మార్ గాన్ అనే ఊరి పక్కన ఫొయాడాలోకి దిగి, వాయవ్యంగా సముద్రం దాకా పోయి, తూర్పుకు తిరగాలి. ఫొయాడా అంటే లావా పారి తెగిన లోయ. ఎండిన వాగు అనుకోండి, ఇసుకకు బదులు బూడిద.

దిగాను. రెండు క్లిఫ్ రేసర్లు, అవి ఎగిరే జంతువులు, మీద పడ్డాయి. వాటితో కొట్లాడుతూ ఎటు తిరిగానో తెలియదు, అవి చచ్చేలోపు తుఫాను లేచింది. ఒక దిక్కు పట్టుకుని నడక మొదలుపెట్టాను. మ్యాప్ తీస్తే ఉత్తరం ఎటో తెలుస్తుంది, ఒప్పుకుంటాను. రాత్రి పన్నెండింటికి నాకా తెలివి రాలేదు. లోయలో రెండే దిక్కులు, తప్పిపోయేదేముంది అనుకున్నాను.

నడక మాత్రం ముందుకు సాగదు. కాళ్లు ఆడుతున్నాయి, నేల కదలదు. ర్యామ్ సరిపోవట్లేదనుకుని కంప్యూటర్‌ను తిట్టాను. ఆట ఆపి, వెనకాల నడుస్తున్నవన్నీ మూసి మళ్లీ తెరిచాను. అదే నత్తనడక. పావుగంట అట్లనే ఈడ్చుకుంటూ పోతే ఎదురుగా ఘోస్ట్‌ఫెన్స్ కనిపించింది. రెడ్ మౌంటెన్ అనే ఆ అగ్నిపర్వతం చుట్టూ కట్టిన మంత్రాల గోడ అది. సముద్రానికి పోవాల్సినవాణ్ణి కొండ మీదికి వచ్చాను.

విసుగొచ్చి వెనక్కి తిరిగాను. తిరగ్గానే చెయ్యి దిగింది. నడక మామూలైంది.

ఆగి, మళ్లీ కొండ వైపు తిరిగాను. చెయ్యి లేచింది. వెనక్కి తిరిగాను, దిగింది. నాలుగైదు సార్లు ఇదే పని. పక్క చాప మీద ఉన్నవాడు దుప్పటి తీసి చూసి, "ఏమైందిరా నీకు, గుండ్రంగా తిరుగుతున్నవ్" అన్నాడు. వాడికేం చెప్పను? గాలికి ఎదురు నడిస్తే ఆట మన వేగాన్ని తగ్గిస్తుంది, అందుకే ఆ నత్తనడక, ర్యామ్ పాపం ఏమీ లేదు. అసలు సంగతి ఇంకొకటి. ఆట జరిగే ద్వీపంలో ఏ మూల నిలబడ్డా సరే, బూడిద గాలి ఎప్పుడూ రెడ్ మౌంటెన్ వైపునుంచే వస్తుంది. మొహాన కొడుతోందంటే కొండకు పోతున్నట్టు, వీపున కొడుతోందంటే కొండకు దూరమవుతున్నట్టు. ఆ తర్వాత డైరీ తియ్యలేదు. గాలిని వీపున పెట్టుకుని సముద్రం దాకా పోయాను. తూర్పుకు తిరిగాక అది కుడి చెంప వైపు వచ్చింది. అట్లనే ఒడ్డు పట్టుకుని పోతుంటే బూడిదలోంచి తోలు గుడారాలు తేలాయి. టైం రెండున్నర.

ఆ రాత్రి నుంచి నా వాదన ఇది: పాడు చోటు ఆటను చెడగొట్టదు, ఏ పనీ చెయ్యని పాడు చోటు చెడగొడుతుంది. తెర మీద మట్టిరంగు పూసి దీన్ని చీకటి లోకం అనుకోండి అంటే నేను అనుకోను. ఇక్కడ దుబ్బకు పుట్టిల్లుంది, దిక్కుంది, కాలికి అడ్డం పడుతుంది. కథలో అసలు శత్రువు డగోత్ ఉర్ కూర్చున్నది ఆ కొండ లోపలే. అంటే వాడి పేరు మనకు తెలియకముందే గాలి వాడి ఇంటి దారి చెబుతూ ఉంది.

జనం దాన్ని పట్టించుకోకుండా బతకడం కూడా నాకు నచ్చింది. ఆల్డ్‌రూన్‌లో ఇళ్లన్నీ పురుగు డిప్పల్లా గుండ్రంగా ఉంటాయి, ఎప్పుడో చచ్చిన కొండంత పీత డిప్ప లోపల పెద్దవాళ్ల బంగ్లాలు. తినేది గుడ్లు. అవి కూడా బాయిల్లోంచి తీస్తారు. క్వామా అనే పురుగులు భూమిలో పెట్టే గుడ్లను కూలీలు లోపలికి దిగి తెస్తారు. బాల్‌మోరా అనే ఊళ్లో ఫైటర్స్ గిల్డ్ అనే యోధుల సంఘంలో చేరితే మొదట ఇచ్చే పనుల్లో ఒకటి అట్లాంటి బాయిలో గుడ్లు దొంగిలించే ఇద్దరిని పట్టడం. ఓ సంక్రాంతికి ఇంట్లో ఇది ఆడుతుంటే బాపు వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"వీళ్లు షిఫ్ట్ ఎప్పుడు దిగుతరు రా?"

"దిగరు బాపూ."

"దిగకపోవుడేంది?"

నిజంగానే దిగరు. మారోవిండ్‌లో మనుషులకు రాత్రి పగలు తేడా లేదు, నిలబడ్డవాడు నిలబడ్డ చోటే. బాపు అడిగేదాకా నాకది తట్టలేదు. నేను మురిసిపోయిన ఆ ఆల్డ్‌రూన్ మనుషులు కూడా తుఫాను ఎంతసేపున్నా చెయ్యెత్తుకుని బయటే ఉంటారు, ఒక్కడూ ఇంట్లోకి పోడు. మా వాడికి నచ్చిన ఆబ్లివియన్‌లో మనుషులు తింటారు, పడుకుంటారు, పొద్దున్నే పనికి పోతారు. కాబట్టి జనం బతకడం నచ్చింది అని పైన రాసినదాన్ని కొంచెం తగ్గించి చదువుకోండి.

తగ్గించాల్సినవి ఇంకా ఉన్నాయి. ఈ ద్వీపమంతా బూడిదే అన్నట్టు మాట్లాడతాను గానీ, అది నిజం కాదు. ఆట మొదలయ్యేది చిత్తడి నేలల్లో. దక్షిణాన అస్కాడియన్ ఐల్స్‌లో పొలాలు, చెరువులు, చెట్లు ఉన్నాయి, మన వైపు వానాకాలం పచ్చదనంలా. రెండు మూడు రోజులు ఉత్తరాన తిరిగితే నేనే ఏదో ఒక పని కల్పించుకుని అక్కడికి దిగి వస్తాను. ఆ పచ్చ ముక్క లేకపోతే పదమూడేళ్లు కాదు, పదమూడు రోజులు కూడా ఆడేవాణ్ణి కాదేమో.

క్లిఫ్ రేసర్ల గురించి ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. పాడు చోటులో ఒంటరితనం బాగుంటుంది, కానీ పది అడుగులకొకసారి ఆకాశంలోంచి కీచుమంటూ ఒకటి దిగితే ఒంటరితనం ఎక్కడుంది? పరుగెత్తి వచ్చి కొడితే అలసటకు సగం దెబ్బలు గాల్లోకే పోతాయి, అదింకో మంట. పగలు కిటికీ తెరిచి ఆడితే మట్టిరంగు మీద మట్టిరంగు, చవక మానిటర్‌లో ఏమీ కనబడదు. నయీంనగర్ రూమ్‌లో కిటికీకి లుంగీ కట్టేవాణ్ణి.

ఇప్పుడు ఓపెన్‌ఎండబ్ల్యూ అనే ఉచిత ఇంజిన్ (ఆటను నడిపే ప్రోగ్రామ్) మీద ఆడుతున్నాను. కొత్త లాప్‌టాప్ మీద ఇబ్బంది లేకుండా నడుస్తుంది. మొదట్లో సరదాకి చూపు దూరాన్ని బాగా పెంచాను, చేసిన తప్పల్లా అదే. పాత ఆటలో నాలుగడుగుల అవతల మసకగా ఉండేది కాబట్టి ద్వీపం అంతులేనిదనిపించేది. దూరం పెంచగానే ఊరి పక్కనే ఊరు, లోయ దాటితే సముద్రం, అన్నీ బయటపడ్డాయి. అర్ధరాత్రి తప్పిపోయిన చోటు ఇంతేనా అనిపించింది. చూపు దూరాన్ని మళ్లీ తగ్గించేశాను.

ఇట్లాంటి విడ్డూరపు లోకాలన్నీ నాకు సరిపడతాయా అంటే అదీ లేదు. 1999 నాటి ప్లేన్‌స్కేప్: టార్మెంట్‌ను అందరూ ఆకాశానికెత్తుతారు. చావు రాని మనిషి శవాల గదిలో లేస్తాడు, చుట్టూ సిగిల్ అనే తలుపుల నగరం. ఉన్న ఆటల్లో అంతకంటే పాడు చోటు, వింత చోటు దొరకడం కష్టం. రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ సగంలో వదిలేశాను. అందులో చోటంతా చదవడంలో ఉంది, కాళ్లకు తగలదు. నాది పదో తరగతి దాకా తెలుగు మీడియం, అంత ఇంగ్లిష్ రాత్రిపూట చదివే ఓపిక నాకు లేదు. ఇంగ్లిష్ లెక్చరర్ అయిన నా మిత్రుడు ఒకడు దాన్ని మూడుసార్లు పూర్తిచేశాడు. తప్పు చోటుదో నాదో తేల్చలేను.

కొనాలా వద్దా అంటే, సేల్‌లో తక్కువకే వస్తుంది, కొని పెట్టుకోండి. మొదటి ఐదు గంటలు తిట్టుకుంటారు. రోజుకు అరగంటే తీరిక ఉన్నవాళ్లకు, పిల్లలు పక్కనుంచి లాగేవాళ్లకు చెప్పను, దారి చదువుకుని నడిచేలోపే అరగంట అయిపోతుంది. మా తమ్ముడికి ఇంకోసారి ఇస్తానా? వాడూ ఆ దుబ్బలోనే పెరిగాడు, అందుకే వాడికి వద్దనిపించిందేమో.

2014లో కథ పూర్తిచేశాను. డగోత్ ఉర్ పోయాక ఘోస్ట్‌ఫెన్స్ మాయమవుతుంది, కొండ మీది రోగాలు తెచ్చే ఎర్ర తుఫాన్లు ఆగుతాయి, ఆకాశం తేటగా కనిపిస్తుంది. బయటికి వచ్చి కెమెరా వెనక్కి జరిపి చూశాను. మనవాడు రెండు చేతులూ కిందికి వేలాడేసుకుని ఊరికే నిలబడ్డాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి ఆపేశాను. ఆ సేవ్‌ను, అంటే ఆట ఆగిన చోటు దాచిన ఫైలును, ఆ తర్వాత తెరవలేదు. నేను ఇప్పటికీ తెరిచేది దానికి ముందుది, ఆల్డ్‌రూన్ గేటు దగ్గర, గాలి ఎదురుగా కొడుతున్నప్పుడు చేసిన సేవ్. లాప్‌టాప్ మార్చిన ప్రతిసారీ పెళ్లి ఫోటోలకంటే ముందు దాన్నే కాపీ చేసుకుంటాను, ఈ సంగతి ఇంట్లో తెలియదు.