నల్లముట్టెకు మందు బదులు పురుగులు కొన్నాను

రేటింగు: అయిదుకి మూడున్నర. నల్లముట్టె అంటే కొబ్బరాకు తినే పురుగు, నేను కొన్నవి దాన్ని చంపే వేరే పురుగులు. పురుగులకి నాలుగున్నర ఇస్తాను, వాటిని పంపిన తీరుకి ఒకటిన్నర. సగటు తీస్తే మూడే వస్తుంది. కానీ పనిచేసింది పురుగులు కాబట్టి ఓ అర కలిపాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి దగ్గర ఎకరం ముప్పావు కొబ్బరి తోట ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ముందు రోజు సాయంత్రం దాకా 118 చెట్లు. తెల్లారి వెళ్ళి చూస్తే నిలబడినవి 62. తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే పూతకొస్తున్నాయి. ఆర్టీసీలో 29 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. లెక్కపెట్టకుండా ఏదీ తీసుకోలేను, ఇవ్వలేను. ఈ రివ్యూలో అంకెలు ఎక్కువ కనిపిస్తే అదే కారణం.

ఫిబ్రవరిలో కింది మట్టలు ఎండుతున్నట్టు కనిపించాయి. తోట పక్కన ఎవరో మంట పెడితే సెగ తగిలినట్టు ఉంది. నీళ్ళు చాలలేదేమో అనుకుని పది రోజులు మోటారు ఎక్కువసేపు వేశాను. వృథా కరెంటు. కాయ దింపుకి వచ్చిన కుర్రాడు ఒక మట్ట కోసి కింద పడేసి, "మావయ్యా, ఇది నీళ్ళ గొడవ కాదు, అడుగు వైపు చూడు" అన్నాడు. తిప్పి చూస్తే చిన్న ఆకుల అడుగున పొడుగునా రంపపు పొట్టు అంటించినట్టు గొట్టాలు. గోరుతో గీరితే దారాలు దారాలుగా ఊడొచ్చింది. ఆ పొట్టు పురుగు రెట్టే. దాన్ని పట్టు దారంతో కుట్టుకుని, అందులో కూర్చుని ఆకు పచ్చదనం గీకి తింటుంది. పైపొర మాత్రం కాగితంలా మిగులుతుంది. లోపల లేతాకుపచ్చ ఒళ్ళు, మీద గోధుమరంగు చారలు, నల్లటి తల. చూడగానే గొట్టంలో వెనక్కి జారుకుంది. నల్లముట్టె పురుగు. పది చిన్న ఆకులు వరసగా విప్పి లెక్కపెడితే 23 వచ్చాయి.

పక్క తోట ఆయన వేరుకి మందు కట్టించుకోమన్నాడు. తెలియనివాళ్ళకి చెప్తున్నా: చెట్టు మొదట్లో తవ్వి, బతికున్న లేత వేరు వెతికి, ఏటవాలుగా కోసి, మందు నీళ్ళున్న చిన్న ప్లాస్టిక్ సంచి దానికి తొడిగి దారంతో కట్టేస్తారు. చెట్టు మందుని పైకి లాగేసుకుంటుంది. పనిచేస్తుంది, కాదనను. కానీ ఆ తర్వాత 45 రోజులు కాయ దింపకూడదు. ఆ నియమం పాటించినవాణ్ణి మా వైపు నేనింకా చూడలేదు. పైగా మాది ఉద్దానం. ఇంటికో కిడ్నీ జబ్బు కథ ఉన్న చోటు. దానికి కారణం ఇదీ అని ఎవరూ తేల్చలేదు, మందులే అని నేనూ అనను. కానీ మనవడు తాగే బొండాం చెట్టుకి విషం ఎక్కించడానికి చెయ్యి రాలేదు.

అప్పుడు గోదావరి జిల్లాల వైపు ఒక ప్రైవేటు ల్యాబ్ గురించి విన్నాను. పేరు రాయను, ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది. వాళ్ళు గోనియోజస్ అనే బదనికను, అంటే వేరే పురుగు ఒంటి మీద తన పిల్లల్ని పెంచి దాన్ని చంపేదాన్ని, ట్యూబుల్లో అమ్ముతారు. చీమంత ఉండే నల్లటి పురుగు, రెక్కలుంటాయి. బియ్యానికి పట్టే రెక్కల పురుగు ఉంటుంది కదా, ల్యాబులో దాని లార్వాల మీద వీటిని పెంచుతారు. కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ (సీపీసీఆర్ఐ) వాళ్ళు చెప్పే లెక్క చెట్టుకి 20. నాకు 62 చెట్లు, అంటే 1,240. ట్యూబుకి 50 చొప్పున 25 ట్యూబులు, ట్యూబు 50 రూపాయలు. మొత్తం 1,250. ఫోన్‌పేలో డబ్బు పంపుతుంటే మా ఆవిడ స్క్రీన్ చూసి, "ఏమండీ, చీమలకా పన్నెండొందల యాభై?" అంది. జవాబు చెప్పలేదు.

మొదటి పార్సిల్ ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది. అట్టపెట్టె, లోపల న్యూస్ పేపరు, దానిలో ట్యూబులు. ఐస్ ప్యాక్ లేదు, తడిగుడ్డ లేదు, పెట్టెకి గాలి ఆడే చిల్లు కూడా లేదు. 'ఎండలో పెట్టరాదు' అని మాత్రం స్కెచ్ పెన్నుతో రాశారు. ఏప్రిల్ ఎండ ఆ అక్షరాలు చదవదు కదా. ట్యూబుల గోడలకి చెమ్మ పట్టింది. ఆహారంగా పెట్టిన తేనె చుక్క కారి, పురుగులన్నీ దానికి అంటుకుని పడి ఉన్నాయి. తెల్ల కాగితం పరిచి నాలుగు ట్యూబులు దులిపాను. 200 ఉండాలి, ఉన్నవి 187. వాటిలో కాళ్ళు కదిపినవి 11.

ఫోన్ చేస్తే, "మా దగ్గర బయలుదేరినప్పుడు బతికే ఉన్నాయండీ" అన్నారు. బస్సు ఎక్కేటప్పుడు టిక్కెట్టు ఉందండీ అన్న ప్యాసింజర్లని చాలామందిని చూశాను. ఫోటోలు పంపాను, కాగితం మీద పోసిన వీడియో పంపాను. రెండు రోజులు సమాధానం లేదు. మూడో రోజు ఒకమ్మాయి ఫోన్ చేసింది, మర్యాదగా మాట్లాడింది. "అంకుల్, మళ్ళీ పంపినా ఈ ఎండకి ఇదే అవుతుంది. మీరే వచ్చి తీసుకెళ్తే 25 ట్యూబులూ ఫ్రీగా ఇస్తాం" అంది. నిజం ఒప్పుకుంది కాబట్టి ఆ ఒకటిన్నరలో ఒకటి ఆ అమ్మాయిదే.

పలాసలో రైలెక్కి వెళ్ళాను. ల్యాబ్ అంటే పెద్ద భవనం ఊహించుకున్నాను. రెండు గదులు. జొన్న రవ్వ నింపిన ట్రేలు అరల్లో వరసగా, పైన గుడ్డ కట్టి ఉన్నాయి. గదంతా పాత బియ్యం బస్తా వాసన. శుభ్రంగానే ఉంది. చేపల దుకాణంలో థర్మకోల్ పెట్టె కొని, అడుగున తడి గోనెపట్టా వేసి ట్యూబులు సర్దాను. తిరుగు ప్రయాణం రాత్రి రైలుకి పెట్టుకున్నాను. పెట్టె ఒళ్ళోనే. ఎదురు సీటావిడ స్వీట్లా అని అడిగింది. పురుగులండీ అన్నాను. మరి మాట్లాడలేదు, విజయనగరం దాకా కాళ్ళు సీటు మీదే పెట్టుకుంది.

పొద్దున్నే ఇంటికి రాగానే ఒక ట్యూబు లెక్కపెట్టాను. 50కి 46, అన్నీ చురుగ్గా ఉన్నాయి. ఆ నాలుగు క్షమించాను.

వదిలే పని సాయంత్రం ఎండ తగ్గాక పెట్టుకున్నాను. ఇక్కడ నేను పొరపాటు చెయ్యబోయాను. పురుగు పైన ఉంది కాబట్టి కుర్రాణ్ణి ఎక్కించి మొవ్వు దగ్గర వదిలిద్దామనుకున్నా. ఆ అమ్మాయి ముందే హెచ్చరించింది: తలలో వదిలితే అక్కడి సాలీళ్ళూ, వేటాడే నల్లులూ వీటిని తినేస్తాయి. మట్టల నీడ పడేచోట, మాను మీద వదిలితే అవే ఎక్కుతాయి. ట్యూబు మూత తీసి మానుకి ఆనించాను. ఒక్కొక్కటీ బయటికి వచ్చి, మీసాలు ఆడిస్తూ కాసేపు ఆగి, పైకి నడిచింది. ఎగరగలిగీ నడుచుకుంటూ పోవడం చూసి నాకు నవ్వొచ్చింది. కొన్ని నా చేతి మీదికి పాకాయి, ఏమీ చెయ్యలేదు. దీనికి ముందు వారం బాగా మాడిపోయిన కింది మట్టలు చెట్టుకి రెండు మూడు చొప్పున కోయించి తగలబెట్టాను. అది చెయ్యకుండా ఇది చెయ్యకండి.

పన్నెండో రోజున ఒక మట్ట దింపించి, మనవడి భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. మూడో గొట్టం విప్పగానే కనబడింది. నల్లముట్టె పురుగు బతికే ఉన్నట్టుంది కానీ కదలదు. గోనియోజస్ దాన్ని కుట్టి పడుకోబెట్టేసింది. దాని ఒంటి మీద నువ్వుగింజల కన్నా చిన్నవి, తెల్లటి పిల్లలు ఎనిమిది అంటుకుని పీలుస్తున్నాయి. పక్కనే ఆ చీమలాంటిది నిలబడి ఉంది. పుల్లతో తట్టినా పోలేదు, తిరిగి వచ్చి వాటి మీదే నిలబడింది. పిల్లలు గూళ్ళు కట్టుకునేదాకా కాపలా కాస్తుందట. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. చాలాసేపు చూసి, "పాపం, తిండి కూడా ఎప్పుడు తింటుందో" అంది. పన్నెండొందల యాభై మాట మళ్ళీ ఎత్తలేదు.

పదిహేను రోజుల తేడాతో రెండోసారి కూడా తెచ్చి వదిలాను, ఈసారి డబ్బు కట్టే. మే ఆఖరుకి పది చిన్న ఆకుల్లో 23 కాస్తా 7 అయ్యింది. జులైలో 2. ఇందులో ఒక మాట దాచకూడదు. ఇది వేసవి పురుగు, వానలు పడితే దానంతటదే కొంత తగ్గుతుంది. కాబట్టి జులై లెక్క మొత్తం వీటి ఖాతాలో వెయ్యను. మే లెక్క మాత్రం వీటిదే.

ఇక నన్ను చూసి ఈ పురుగులు కొన్నవాళ్ళు నాకు ఫోన్ చేసి తిట్టే విషయం ఒకటుంది. "నెలైంది, చెట్టు ఇంకా ఎర్రగానే ఉంది, మోసం" అంటారు. మాడిన ఆకు మళ్ళీ పచ్చబడదు. ఏ మందు పోసినా పచ్చబడదు. కొబ్బరికి నెలకో కొత్త మట్ట వస్తుంది, తల నిండా పచ్చగా మారాలంటే ఏడాది దాటుతుంది. పైకి చూసి తీర్పు చెప్పొద్దు, మట్ట దింపించి విప్పి లెక్కపెట్టండి. ఇంకొకటి, ఆకు మీద నల్లటి మసి పట్టి ఉంటే అది నల్లముట్టె కాదు, తెల్లదోమ. దానికి ఈ పురుగులు పనికిరావు. మా వీధిలో ఒకాయన అలాగే తెచ్చి వదిలి, ఆ కోపం నా మీద చూపించాడు.

కాయ సంగతి ఇప్పుడే చెప్పలేను. ఈ దింపులో 62 చెట్లకి 390 వచ్చాయి, పోయినేడు ఇదే దింపులో 610. పురుగు తిన్న దెబ్బ తర్వాతి ఏడాది కాపులోనే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి వచ్చే ఏడు కూడా తక్కువే ఉంటుందని మనసులో లెక్క వేసుకున్నాను. మళ్ళీ కొంటారా అంటే కొంటాను, జనవరిలోనే, ఎండలు ముదరకముందే. పార్సిల్ మాత్రం పెట్టించుకోను.

వెళ్ళేవాళ్ళు థర్మకోల్ పెట్టె ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ల్యాబులో అడిగితే 80 రూపాయలు వేస్తారు. చేపల దుకాణంలో 30కి ఇచ్చారు, వాసన కడిగితే పోయింది.