పైథాన్ కోర్సు కొనేముందు ల్యాబ్ వెర్షన్ అడగండి, జాగ్రత్త

ఆన్‌లైన్‌లో పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) కోర్సుకు డబ్బు కట్టబోతున్నవాళ్లు ముందు ఒక విషయం కనుక్కోండి: వాళ్ల ప్రాక్టీస్ ల్యాబ్‌లో, అంటే కోడ్ రాసి నడిపి చూసుకునే చోట, ఉన్నది పైథాన్ ఏ వెర్షన్? మా తమ్ముడి కోసం 6,500 రూపాయలు కట్టాం. ప్రకటనలో "లేటెస్ట్ సిలబస్" అని పెద్ద అక్షరాలతో ఉంది. తీరా లోపలికి వెళ్తే ల్యాబ్‌లో ఉన్నది పైథాన్ 3.8. దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా 2024 అక్టోబరుతోనే ఆగిపోయాయి.

ఫోన్ చేస్తే "బేసిక్స్‌కి ఏ వెర్షన్ అయినా ఒకటేనండీ" అన్నారు. కానే కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకే అసలు దెబ్బ. మొదటి లైన్‌లో బ్రాకెట్ తెరిచి మూయడం మర్చిపోతే, 3.8 రెండో లైన్‌ను చూపించి "ఇన్‌వాలిడ్ సింటాక్స్" (రాసిన తీరు తప్పు) అని ఊరుకుంటుంది. రెండో లైన్‌లో తప్పేమీ ఉండదు! తమ్ముడు దాన్నే చెరిపి, మళ్లీ రాసి, చివరికి "నాకు కోడింగ్ రాదక్కా" అనేదాకా వచ్చాడు. నాకు నిజంగా కడుపు మండింది.

అదే కోడ్ 3.9 తర్వాత వచ్చిన 3.10లో నడిపితే మొదటి లైన్‌లోని బ్రాకెట్‌నే చూపించి, దీన్ని మూయలేదని చెబుతుంది. షరతు పెట్టే ఇఫ్ లైన్ చివర కోలన్ మరిస్తే, ఇక్కడ కోలన్ ఉండాలంటుంది. లిస్టులో కామా జారిపోతే, కామా మర్చిపోయారేమో అని అడుగుతుంది. 3.9లో పాత పార్సర్ (కోడ్‌ను చదివి అర్థం చేసుకునే భాగం) స్థానంలో కొత్తది పెట్టాక ఇలాంటి మెసేజ్‌లకు దారి పడింది. 3.10 వచ్చింది 2021 అక్టోబరులో. ఇప్పుడు కోర్సు అమ్మేవాళ్లకు ఇది తెలియదంటే ఎలా నమ్మాలి?

రీఫండ్ అడిగితే, వీడియోలు చూశారు కాబట్టి కుదరదన్నారు. వెర్షన్ మార్చమని పెట్టిన మెయిల్‌కు జవాబే లేదు. పాఠాలు చెప్పే సార్ మాత్రం బాగానే చెబుతారు, ఆయన్ను అనను.

కట్టేముందు డెమో ల్యాబ్ అడగండి. కుదరదంటే ఆ కోర్సు వదిలేయండి. ఇస్తే, ఒక లైన్‌లో ఒక వేరియబుల్‌కు (విలువ దాచుకునే పేరుకు) బ్రాకెట్ తెరిచి, మధ్యలో కామాతో రెండు అంకెలు రాసి మూయకుండా వదలండి, కింది లైన్‌లో ఇంకో వేరియబుల్‌కు విలువ ఇచ్చి రన్ కొట్టండి. ఎర్రర్ రెండో లైన్‌ను చూపిస్తే అది పాత వెర్షనే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు వీడియోలు అక్కడ చూసినా, కోడ్ మాత్రం పైథాన్ అధికారిక సైట్ నుంచి కొత్త వెర్షన్ ఉచితంగా దించుకుని మీ కంప్యూటర్‌లోనే రాయండి. విండోస్ 7 ఉన్న పాత సిస్టమ్‌లో 3.9, ఆపై వెర్షన్లు ఎక్కవు, అది చూసుకోండి. తమ్ముడు ఇప్పుడు ఇంట్లో ఇలాగే చేస్తున్నాడు. అసైన్‌మెంట్లు మాత్రం వాళ్ల ల్యాబ్‌లోనే పెట్టాలట.