నా 2002 కెమారోకి ర్యామ్ ఎయిర్ బిగించాను: ఏం మారింది, ఏం మారలేదు

నా దగ్గర 2002 మోడల్ షెవ్రొలే కెమారో జెడ్28 ఉంది. 5.7 లీటర్ల ఎల్ఎస్1 వీ8 ఇంజన్, ఆరు గేర్ల మాన్యువల్. కెమారో నాలుగో తరంలో అదే ఆఖరి సంవత్సరం. ఉండేది డాలస్ పక్కన ప్లేనోలో. ఆఫీసుకి వేరే కారు ఉంది కాబట్టి ఇది శని ఆదివారాలకి, అప్పుడప్పుడు ఎన్నిస్‌లోని డ్రాగ్ స్ట్రిప్‌కి, అంటే కార్లని తిన్నగా క్వార్టర్ మైలు పరిగెత్తించే ట్రాక్‌కి మాత్రమే బయటికి తీస్తాను. పోయిన సెప్టెంబర్ ఆఖర్లో దీనికి ర్యామ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్, అంటే కారు ముందు గుద్దుకునే గాలిని పట్టి ఇంజన్‌కి పంపే సామాను, బిగించాను. కొనేముందు నేను ఎంత వెతికినా "సూపర్ ఉంది", "వేస్ట్" అనే రెండు మాటలే దొరికాయి, కొలిచి చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే ముందూ తర్వాతా కొలిచి రాస్తున్నాను.

కిట్ సెకండ్‌హ్యాండ్‌లో 280 డాలర్లకి దొరికింది. ఎవరు తయారు చేసిందో పేరు పెట్టను, నాకు వచ్చిన ముక్కలో లోపాలు ఉన్నాయి, అవి పాత ఓనర్ పుణ్యమో తయారీలోనే ఉన్నాయో తేల్చుకోలేకపోయాను. పెట్టెలో వచ్చినవి: బంపర్ కింద నుంచి గాలి పట్టే వెడల్పాటి ఫైబర్‌గ్లాస్ స్కూప్, దాని మీద కూర్చునే కొత్త ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ పెట్టే డబ్బా), మూత, పలక ఫిల్టర్, అంచులకి అంటించే ఫోమ్ పట్టీ, ఒక సంచీ నిండా బోల్టులు. కాగితం ఒకటి ఉంది గానీ జిరాక్స్ మీద జిరాక్స్ తీసినట్టు, బొమ్మలు నల్లగా మరకల్లా ఉన్నాయి.

బిగించే సంగతికి ముందు ఈ కారు గురించి ఒక మాట చెప్పాలి. ఈ తరం కెమారో, ఫైర్‌బర్డ్ కార్లు ముక్కుతో కాదు, గడ్డం కింద నుంచి ఊపిరి తీసుకుంటాయి. ముందు గ్రిల్ లోంచి వెళ్ళే గాలి చాలా తక్కువ. బంపర్ కింద వేలాడే ప్లాస్టిక్ పలక, అంటే ఎయిర్ డ్యామ్, రోడ్డు మీది గాలిని పైకి మళ్ళించి రేడియేటర్‌కి పంపిస్తుంది. కంపెనీ ఎయిర్ బాక్స్ కూడా రేడియేటర్ పైనే ముందు వైపు కూర్చుని, ఇంజన్ వేడికి కాస్త దూరంగా ఉన్న గాలినే తీసుకుంటుంది. కాబట్టి ఇంజన్ పక్కనే వేడి గాలి పీల్చే కార్లకి కొత్త ఇన్‌టేక్ పెడితే వచ్చేంత మార్పు ఇక్కడ రాదు. ఈ సంగతి తెలిసే కొన్నాను. అదే సంవత్సరం పాంటియాక్ ట్రాన్స్ ఆమ్ డబ్ల్యూఎస్6కి బానెట్ మీద గాలి పీల్చే ముక్కుపుటాలు పెట్టి 325 హార్స్‌పవర్ అని రాసి అమ్మారు, నా జెడ్28కి రాసింది 310. ఇంజన్ అదే. ఆ తేడా మనసులో చాలా కాలంగా ఉంది.

ఇప్పుడు ర్యామ్ ఎయిర్ అనే మాటలో ఎంత నిజముందో చూద్దాం. వేగంగా వెళ్ళే కారు ముందు గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. గంటకు 60 మైళ్ళ దగ్గర లెక్క కడితే అది 0.06 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) మాత్రమే. 100 మైళ్ళ దగ్గర 0.17. వాతావరణ పీడనం 14.7 అయితే 0.17 అంటే ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ, అది కూడా స్కూప్ నోటి దగ్గర ఒక్క చుక్క ఒత్తిడి కూడా పోకుండా మొత్తం లోపలికి చేరితే. టర్బో లాగా గాలిని కూరేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సిటీలో 40లో వెళ్తూ "ర్యామ్ ఎయిర్ పట్టుకుంది, పికప్ మారిపోయింది" అనేవాళ్ళకి వినిపిస్తున్నది ఇన్‌టేక్ శబ్దం. దీనివల్ల నిజంగా వచ్చే లాభం వేరే చోట ఉంది: గాలి దారి ఇరుకు తగ్గడం, లోపలికి వెళ్ళే గాలి చల్లబడటం.

పనికి నాలుగు గంటలు అనుకుని మొదలుపెడితే ఆరున్నర పట్టింది. మా బావమరిది సాయానికి వచ్చాడు. ముందు చక్రాల్ని ర్యాంపుల మీదికి ఎక్కించి, ఆ తర్వాత జాక్ స్టాండ్లు కూడా పెట్టాం. ఒట్టి జాక్ మీద నిలబెట్టి కారు కిందికి ఎవరూ దూరకండి, ఈ విషయంలో మొహమాటం వద్దు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, పాత బాక్స్ మూత విప్పి, ఇంజన్‌లోకి వెళ్ళే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ప్లగ్గు, గాలి ఉష్ణోగ్రత సెన్సర్ ప్లగ్గు జాగ్రత్తగా లాగాం. ఇరవై ఏళ్ళు దాటిన ప్లాస్టిక్ కదా, క్లిప్పులు ముట్టుకుంటే విరిగిపోయేలా ఉన్నాయి. కారు కాసేపు ఎండలో పెట్టి వెచ్చబడ్డాక తీస్తే నయం, మేం రెండు విరగ్గొట్టుకున్నాక ఈ ఆలోచన వచ్చింది.

కష్టం అంతా కోతలో ఉంది. రేడియేటర్ ముందు ఉండే ప్లాస్టిక్‌లో స్కూప్ పైకి రావడానికి ఒక కిటికీ కోయాలి. మా బావమరిది చేతిలో రంపం పట్టుకుని, "బావా, ఇది కోస్తే మళ్ళీ అతకదు, ఇంకోసారి కొలుచుకోండి" అన్నాడు. మంచి పని చేశాడు, ఎందుకంటే కాగితంలో ఉన్న కొలత ప్రకారం కోసి ఉంటే ఒక వైపు వేలెడు ఖాళీ మిగిలేది. మేం అట్టముక్క మీద స్కూప్ అంచు గీసుకుని, దాన్ని పెట్టి చూసుకుని కోశాం. స్కూప్‌కి ఉన్న బోల్టు రంధ్రాల్లో రెండు కారు రంధ్రాలతో కలవలేదు, పావంగుళం తేడా. గుండ్రటి ఆకురాయితో సాగదీసుకోవాల్సి వచ్చింది. ఫైబర్‌గ్లాస్ పొడి చర్మం మీద పడితే రాత్రంతా దురద, ఊపిరితిత్తులకి ఇంకా ప్రమాదం, మాస్కు, చేతులకి గ్లవ్స్ తప్పనిసరి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త. స్కూప్‌కి దారి ఇవ్వడానికి కొందరు ఎయిర్ డ్యామ్ తీసేస్తారు. తీయకండి. పైన చెప్పినట్టు రేడియేటర్‌కి గాలి పంపేదే అది, అది లేకపోతే హైవే మీద ఇంజన్ వేడెక్కుతుంది. స్కూప్ కూడా ఆ గాలిలోంచే వాటా తీసుకుంటుంది కాబట్టి నేను మొదటి వారం అంతా కూలెంట్ ఉష్ణోగ్రత చూస్తూనే ఉన్నాను. ఒకటి రెండు డిగ్రీలు తప్ప మార్పు లేదు.

పాత మూతలో ఉన్న గాలి ఉష్ణోగ్రత సెన్సర్‌ని కొత్త మూతలోకి మార్చాలి. దాని ప్లగ్గు పెట్టడం మరిచిపోతే ఓబీడీ రీడర్‌లో (కారు కంప్యూటర్ లెక్కలు చదివే పరికరం) గాలి మైనస్ 40 డిగ్రీలు అని చూపిస్తుంది, పి0113 అనే లోపం కోడ్ వస్తుంది. మాఫ్ సెన్సర్ మీద గాలి వెళ్ళే దిక్కుకి బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజన్ వైపు చూడాలి. ఫిల్టర్ నూనె పట్టించే రకం అయితే నూనె తక్కువ వాడండి, ఎక్కువైతే అది మాఫ్ లోపలి సన్నటి తీగ మీద పేరుకుంటుంది.

ఇక మొదటి రోజు టెన్షన్. స్టార్ట్ చేశాను, ఐడిల్ బాగానే ఉంది, శబ్దం విని ఇద్దరం నవ్వుకున్నాం. ఇరవై మైళ్ళు తిరిగి వచ్చి చూస్తే రీడర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం సర్దుతోందో చెప్పే అంకె, రెండు బ్యాంకుల్లోనూ (సిలిండర్ల వరుసల్లోనూ) ప్లస్ 9, ప్లస్ 10. పాత బాక్స్‌తో ఇవి ప్లస్ 1 దగ్గర ఉండేవి. అంటే కంప్యూటర్ తనకి తెలిసిన గాలి కంటే ఎక్కువ గాలి వస్తోందని గుర్తించి పెట్రోల్ పెంచుతోంది. ఇది ఇంకా బాగా పెరిగితే పెట్రోల్ చాలడం లేదని చెప్పే పి0171, పి0174 కోడ్‌లు వచ్చి చెక్ ఇంజన్ లైట్ వెలుగుతుంది. నేను మొదట ఫోమ్ పట్టీ దగ్గర లీక్ అనుకుని గంటసేపు అక్కడే వెతికాను. అది తప్పు ఆలోచన. మాఫ్ కంటే ముందు లీక్ ఉంటే వేడి గాలి కలుస్తుందే గానీ లెక్క తప్పదు, ఎందుకంటే ఆ గాలి కూడా మాఫ్ దాటే వెళ్తుంది. లెక్క తప్పిందంటే లీక్ మాఫ్ తర్వాతే ఉండాలి. చూస్తే మాఫ్‌కీ, ఇంజన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీకీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం ఒక పక్క మడత పడి, క్లాంప్ దాని మీద బిగుసుకుంది. విప్పి సరిచేసి బిగిస్తే రెండు రోజుల్లో ట్రిమ్‌లు ప్లస్ 2కి వచ్చాయి. అప్పట్నుంచి అక్కడే ఉన్నాయి. కంప్యూటర్ సెట్టింగులు మార్చే కొత్త ట్యూన్ చేయించలేదు, ఈ ఒక్క మార్పుకి అవసరం పడలేదు.

ఇప్పుడు కొలతలు. డైనో మీద, అంటే చక్రాల్ని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం మీద పరీక్షించి లాభం లేదు, అక్కడ కారు కదలదు, ముందు పెట్టిన ఫ్యాన్ గాలి హైవే గాలికి సాటి రాదు. నేను మూడు కొలిచాను. మొదటిది, బయట 32 డిగ్రీలు ఉన్నప్పుడు హైవే మీద గాలి ఉష్ణోగ్రత: పాత బాక్స్‌తో 41, కొత్తదానితో 36. రెండోది, స్ట్రిప్‌లో ఫుల్ థ్రాటిల్‌లో చివరి గీత దాటేటప్పుడు మ్యాప్ సెన్సర్ చూపించే, ఇంజన్‌లోకి గాలి వెళ్ళే దారిలోని ఒత్తిడి: ఇంజన్ ఆపి కీ తిప్పితే కనిపించే బయటి ఒత్తిడి 99 కిలోపాస్కల్ అయితే, పాతదానితో 96, కొత్తదానితో 98. మూడోది, క్వార్టర్ మైలు చివర వేగం: రెండు వారాల తేడాతో రెండు సాయంత్రాలు, రెండింటా సుమారు 24 డిగ్రీలు, మూడేసి పరుగుల సగటు పాతదానితో 106.3 మైళ్ళు, కొత్తదానితో 107.5. పట్టిన సెకన్లు చెప్పడం లేదు, అది నేను క్లచ్ వదిలిన తీరుని బట్టి మారుతుంది, చివరి వేగం పవర్‌ని బట్టి ఉంటుంది.

వీటిని కలిపి చూస్తే నాకు నమ్మకం కుదిరింది. ఒత్తిడి 96 నుంచి 98 అంటే రెండు శాతం ఎక్కువ గాలి. ఐదు డిగ్రీల చల్లదనం అంటే ఇంకో ఒకటిన్నర శాతం. మొత్తం మూడున్నర. అటువైపు చివరి వేగం నుంచి లెక్క కడితే, పవర్ సుమారుగా వేగం ఘనంతో పెరుగుతుంది కాబట్టి, 3.4 శాతం వస్తోంది. 310లో అది పది హార్స్‌పవర్. అమ్మిన అతను 25 అని చెప్పాడు. పది వచ్చింది, అది కూడా పై వేగాల్లో. సిటీలో ట్రాఫిక్ లైట్ల మధ్య తేడా ఏమీ తెలియదు, మైలేజీలో కూడా మార్పు లేదు. మూడు వేల ఆర్‌పీఎం దాటాక ముందు నుంచి వచ్చే ఆ లోతైన గాలి గర్జన మాత్రం ఎంతకొలిచినా అంకెలకి దొరకదు, నాకు చాలా నచ్చింది.

నచ్చనిది, నన్ను నిజంగా భయపెట్టేది నీళ్ళు. మా ఊళ్ళో ట్రాక్టర్‌కి గాలి పీల్చే గొట్టం బానెట్ మీద పైకి నిలబడి ఉంటుంది, దుమ్మూ బురదా అందకుండా. నేను చేసింది దానికి సరిగ్గా వ్యతిరేకం, నోరు తీసుకెళ్ళి రోడ్డుకి జానెడు ఎత్తులో పెట్టాను. డాలస్‌లో వాన పడితే అండర్‌పాస్‌లు నిమిషాల్లో చెరువులవుతాయి. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్తే గాలిలాగా నలగవు, పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఇంజన్ పోయినట్టే. నవంబర్‌లో ఒకరోజు మామూలు వానలో, నీళ్ళు నిలవని హైవే మీద ఇంటికి వచ్చాక బాక్స్ తెరిస్తే ఫిల్టర్ కింది వైపు తడిగా చేతికి తగిలింది. ఆ రాత్రి స్కూప్ అడుగున అర అంగుళం రంధ్రాలు మూడు వేశాను, లోపలికి వచ్చిన తడి కారిపోవడానికి. తుంపరకి అవి చాలు, నిలవ నీటికి ఏ రంధ్రమూ పనికిరాదు. అందుకే మబ్బు పడితే ఈ కారు గ్యారేజీ దాటదు. మీకు ఉన్నది ఒక్క కారే అయితే, దాంట్లోనే పిల్లల్ని స్కూల్లో దింపాలి అంటే, దయచేసి ఇది కొనకండి.

ఇంకొకటి చట్టం సంగతి. 2025 నుంచి టెక్సస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు గానీ మా కాలిన్ కౌంటీ లాంటి చోట్ల పొగ పరీక్ష ఉంది, చెక్ ఇంజన్ లైట్ వెలిగితే ఫెయిల్. బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్‌లోని మానిటర్లన్నీ, అంటే అది తనంతట చేసుకునే పరీక్షల ఫలితాలు, చెరిగిపోతాయి, అవి మళ్ళీ పూర్తయ్యేదాకా పరీక్షకి వెళ్ళినా వెనక్కి పంపుతారు. నాకు ఐదు రోజులు పట్టింది. కాలిఫోర్నియాలో, అంటే బే ఏరియా మనవాళ్ళు, ఆ కిట్‌కి కార్బ్ (అక్కడి గాలి కాలుష్య బోర్డు) వాళ్ళు ఇచ్చిన ఈఓ నంబర్, అంటే అనుమతి నంబర్, ఉందో లేదో చూసుకోకుండా డబ్బులు కట్టొద్దు. నా కిట్ మీద అలాంటి నంబర్ ఏదీ లేదు.

ఐదుకి మూడున్నర ఇస్తాను. రంధ్రాలు సరిగ్గా ఉండి, చదవగలిగే కాగితం ఇచ్చి, అడుగున నీళ్ళు పోయే దారి వాళ్ళే పెట్టి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాడిని. పాత బాక్స్, మూత, క్లిప్పులు పారేయలేదు, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాను. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఉరుములు మెరుపులతో గాలివానలు మొదలవుతాయి. కోసిన కిటికీకి సరిపడా ఒక ప్లాస్టిక్ పలక కూడా కోసి ఉంచుకున్నాను, అప్పటికి పాతది మళ్ళీ బిగించేస్తాను.