పాత స్విఫ్ట్‌ని కిందికి దించాలంటే స్ప్రింగులు కోయించాలా, కొత్తవి కొనాలా?

రోజూ ఆఫీసుకి తిరిగే బండి, 2011లో వచ్చిన మోడల్ స్విఫ్ట్, చేతిలో ఉన్నది అంతంత మాత్రం డబ్బు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు దూరే సందు కనిపించినప్పుడల్లా మనసు పీకుతూ ఉంటుంది. మాకు హైదరాబాద్‌లో దొరికిన దారులు నాలుగు: ఉన్న స్ప్రింగులు కోయించడం, లోయరింగ్ స్ప్రింగులు (బండిని దించడానికే చేసిన పొట్టి స్ప్రింగులు) కొనడం, కాయిలోవర్లు (మర తిప్పి ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాకప్ సెట్) వేయించడం, అసలు సస్పెన్షన్ జోలికే పోకుండా టైర్లు మార్చడం.

అన్నిటికన్నా చవక కోయించడం. మా బావమరిది అదే చేశాడు. ఒక గ్యారేజీలో మధ్యాహ్నం ఇచ్చి సాయంత్రానికి తెచ్చేసుకున్నాడు, గ్రైండర్‌తో ఒక చుట్టు తీసేశారట. చూడ్డానికి బాగుంది, అబద్ధమెందుకు. వారం తిరక్కముందే స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక నుంచి 'టంగ్'మని ఒక చప్పుడు మొదలైంది. జాకీ పెట్టి ఎత్తి చూస్తే సంగతి తెలిసింది. స్విఫ్ట్‌కి వెనక షాకప్ వేరు, స్ప్రింగు వేరు. స్ప్రింగుని ఎవరూ బోల్టు వేసి బిగించరు, బండి బరువుకే అది కిందా పైనా సీట్ల మధ్య ఒత్తుకుని కూర్చుంటుంది. చక్రం గాల్లో వేలాడగానే కోసిన స్ప్రింగు పొట్టిదై వదులైపోయింది, చేత్తో తిప్పితే గిరగిరా తిరిగింది. అంటే స్పీడ్ బ్రేకర్ మీద చక్రం కిందికి జారిన ప్రతిసారీ అది సీటు వదిలేసి మళ్లీ వంకరగా వచ్చి కూర్చుంటోందన్నమాట, కోసిన అంచు అప్పటికే కింది రబ్బరుని కొరికేసింది. అదే 80 స్పీడులో మలుపు తిరుగుతుండగా ఊడితే? పైగా ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి తీసేస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది, పాత షాకప్ దాన్ని అదుపు చేయలేక చేతులెత్తేస్తుంది. కొందరు కోయకుండా గ్యాస్ మంటతో కాల్చి కూర్చోబెడతారు, అది ఇంకా అన్యాయం. ఉక్కుకి ఉన్న పదును పోయాక అది స్ప్రింగు కాదు, ఉత్త చువ్వ.

లోయరింగ్ స్ప్రింగులు వేరే కథ. వీటిని ఆ మోడల్ కోసమే లెక్కేసి చుడతారు కాబట్టి 30, 35 మిల్లీమీటర్లు దించినా చక్రం వేలాడినప్పుడు సీటు వదలకూడదు. బిగించిన రోజే జాకీ ఎత్తించి ఈ ఒక్కటీ మీ కళ్లతో చూసుకోండి. ధర చూసి స్ప్రింగులతోనే అయిపోయింది అనుకుంటే మాత్రం దెబ్బ తింటారు. 80 వేల కిలోమీటర్లు తిరిగిన షాకప్‌ల మీద గట్టి స్ప్రింగులు వేస్తే బండి ఉయ్యాల ఊగుతుంది. ముందు చక్రాల స్ట్రట్ (స్ప్రింగూ షాకప్పూ కలిసి ఉండే భాగం) ఎలాగూ విప్పాలి, కాబట్టి షాకప్‌లూ, పైన మౌంట్లూ అప్పుడే మార్పించేస్తే లేబర్ ఒక్కసారే. ఆ తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి, లేదంటే టైర్ల లోపలి అంచు బయటికి కనిపించకుండానే అరిగిపోతుంది. హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.

కాయిలోవర్ల గురించి ఎక్కువ చెప్పను. ఎత్తు మార్చుకోవచ్చు కదా అంటారు, నిజమే, కొన్న రోజు ఒకసారి మారుస్తారు. తర్వాత మన వానలకీ బురదకీ ఆ మరలు బిగుసుకుపోతాయి. ఆ డబ్బు పెట్టగలిగేవాళ్లకి ఈ గోలంతా అక్కర్లేదు.

టైర్ల లెక్క చాలామంది పట్టించుకోరు. ఇప్పుడున్నది 185/65 ఆర్15 టైరు అయితే దాని పూర్తి ఎత్తు దాదాపు 621 మిల్లీమీటర్లు, బదులుగా 195/55 ఆర్15 వేస్తే 595. అంటే బండి 13 మిల్లీమీటర్లు దిగుతుంది, వెడల్పు పెరిగింది కాబట్టి సందు ఇంకా తగ్గినట్టు కనిపిస్తుంది. స్పీడోమీటర్ 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. టైరు మీద రాసిన లోడ్ నంబర్ కంపెనీ చెప్పినదానికన్నా తక్కువ కాకుండా చూసుకోవాలి. పక్క గోడ పొట్టిదవుతుంది కాబట్టి గుంతల్లో రిమ్ముకి దెబ్బ తగిలే భయం మాత్రం ఉంటుంది.

ఇప్పుడు అసలు సమస్య, మన రోడ్లు. ఖాళీ బండికి కంపెనీ చెప్పిన గ్రౌండ్ క్లియరెన్స్ 170 మిల్లీమీటర్లు. నలుగురు కూర్చుని డిక్కీ నింపితే అది 130 దగ్గరికి వచ్చిందనుకోండి, ఇంకో 35 తీసేస్తే మిగిలేది 95. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తే, కానీ 3.7 మీటర్ల పొడవు ఉంటుంది. స్విఫ్ట్ చక్రాల మధ్య దూరం 2.43 మీటర్లు కాబట్టి నాలుగు చక్రాలూ దాని మీదే ఉంటాయి, మధ్యలో పొట్ట కిందికి వచ్చే ఉబ్బు నాలుగైదు సెంటీమీటర్లు మించదు, హాయిగా దాటేస్తాం. మన కాలనీల్లో అలాంటివి ఎక్కడున్నాయి? రాత్రికి రాత్రి సిమెంటుతో వేసిన గుట్ట పూర్తిగా చక్రాల మధ్యకే వస్తుంది, నేరుగా వచ్చి ఛాంబర్‌కి, అంటే ఇంజిన్ కింద ఆయిల్ ఉండే తొట్టికి, తగులుతుంది. అది పగిలితే రోడ్డు మీద ఆయిలంతా ఖాళీ.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేస్తే క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

నా మాట అడిగితే, కోత వద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. స్ప్రింగులకీ షాకప్‌లకీ కలిపి డబ్బు ఉంటే 30 మిల్లీమీటర్ల సెట్, లేకపోతే టైర్లతో సరిపెట్టుకోవాలి. కొనేముందు ముందు బంపర్ కింద, అన్నిటికన్నా కిందికి ఉన్న చోట, 35 మిల్లీమీటర్ల మందం థర్మోకోల్ ముక్క టేపుతో అతికించి ఒక వారం మామూలుగా తిరగండి. మా బావమరిదిది మెయిన్ రోడ్డు పక్క ఇల్లు, వాడి ముక్క వారమంతా చెక్కుచెదరలేదు, కోసినవి తీసేసి లోయరింగ్ స్ప్రింగులు వేయించుకున్నాడు. నా ముక్క రెండో రోజు సాయంత్రం మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ దగ్గరే ఊడిపోయింది, వాచ్‌మన్ తెచ్చి ఇచ్చాడు. నేను టైర్లు కొనుక్కున్నాను.