తొలి ప్రోడక్ట్: చేత్తో నడపడమా, చిన్నగా కట్టడమా, పూర్తిగా కట్టి తేవడమా?

ఉద్యోగాలు మానేసి నలుగురైదుగురు కలిసి అంకుర సంస్థ పెట్టుకున్నవారు నన్ను అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఒకేదాని చుట్టూ తిరుగుతాయి: తొలి ప్రోడక్ట్‌ను ఎలా మొదలుపెట్టాలి? సాఫ్ట్‌వేర్ ఏమీ రాయకుండా ఫోను, నోటు పుస్తకం, ఎక్సెల్ పట్టుకొని ఆ సేవను కొన్నాళ్లు చేత్తో నడిపి చూడాలా. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఒక చిన్న ఎంవీపీ, అంటే అత్యవసరమైనవి మాత్రమే ఉన్న తొలి రూపం, కట్టి జనం ముందు పెట్టాలా. లేక ఏడాది పట్టినా సరే, లోటులేని ప్రోడక్ట్‌నే తేవాలా? గత నెలలో నేనూ రెండోసారి ఈ మూడు దారుల కూడలిలో నిలబడవలసి వచ్చింది కాబట్టి, ఈసారి జవాబు కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఈ మూడింటినీ సాధారణంగా డబ్బుతోనూ కాలంతోనూ కొలుస్తారు. ఆ లెక్క అందరికీ తెలిసిందే: మొదటి దారికి జీతాలు తప్ప పెద్ద ఖర్చు లేదు, రెండోదానికి రెండు నెలలు పోతాయి, మూడోదానికి పెట్టుబడిదారు కావాలి. నేను ఆ లెక్కకు రెండో స్థానమే ఇస్తాను. నా దృష్టిలో ముందు తేలవలసినది, జట్టులోని అందరి బుర్రల్లో ఉన్న కస్టమరు ఒక్కడేనా అన్నది. ప్రోడక్ట్‌ను ప్లాన్ చేయడం, జట్టును ఒక మాట మీదకు తేవడం వేర్వేరు పనులనీ, మొదటిది ముగిశాక రెండోదాని సంగతి చూసుకోవచ్చనీ చాలామంది అనుకుంటారు. ఏ దారిలో వెళితే ఆ రెండూ ఒకే పనిగా జరిగిపోతాయో ఆ దారే మేలని నేను కాస్త ఖరీదు చెల్లించి నేర్చుకున్నాను.

మా మొదటి సంస్థను గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం పెట్టాం. సీజన్‌లో మార్కెట్ యార్డులో అమ్ముడుపోని సరుకు, ధర పెరుగుతుందేమోనని రైతులూ వ్యాపారులూ ఆపుకున్న సరుకు అక్కడివారు ఏసీలని పిలిచే ఈ గోదాముల్లోకి టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కన చేరుతుంది. మేము ఐదుగురం కూర్చొని, వైట్‌బోర్డు మీద ‘రైతుకు తన సరుకు విలువ ఏ రోజుకారోజు ఫోనులో కనిపించాలి’ అని రాసుకొని, అందరం తల ఊపి, ఎనిమిది వారాల్లో యాప్ కట్టాం. ఎవరూ తగాదా పడడానికి వీలులేనంత నున్నగా ఉండడమే ఆ వాక్యంలోని లోపమని అప్పుడు తోచలేదు. కోడ్ రాసే ఇద్దరికీ రైతు అంటే స్మార్ట్‌ఫోను ఉన్న పాతికేళ్ల కుర్రాడు. సేల్స్ చూసే భాగస్వామికి రైతు తరఫున ఫోన్లు చేసే కమీషన్ ఏజెంటు. నాకేమో నెలనెలా చందా కట్టవలసిన ఏసీ యజమాని. ఎవరి మనిషికి తగిన స్క్రీన్‌ను వారు చేర్చుకుంటూ పోయాం. తీరా యాప్ సిద్ధమయ్యేసరికి అందులో ముగ్గురికీ కావలసినవన్నీ ఉన్నాయి గానీ, దాన్ని రెండోసారి తెరిచినవారు మాత్రం లేరు. తప్పు ఎవరిదన్న వాదన ముదిరి, సేల్స్ భాగస్వామి సంస్థను వదిలి వెళ్లిపోయినంత పని చేశాడు.

ఆ దశలో, డబ్బు అయిపోతుండడం వల్లే తప్ప ముందుచూపుతో కాదు, ఒక ఏసీలో గుమాస్తా బల్ల పక్కన మరో బల్ల వేయించుకొని, మూడు వారాలపాటు వచ్చిన ప్రతి ఫోనునూ మేమే ఎత్తి, ఎవరు, ఎన్ని గంటలకు, ఏమడిగారో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ధర అడిగినవారు బహు తక్కువ. యార్డు ధర వారికి మాకంటే ముందే తెలుస్తుంది. సాయంత్రం నాలుగు దాటాక వరసగా వచ్చే ఫోన్లలో దాదాపు అన్నింటిదీ ఒకటే మాట: ‘మా లాట్ ఏ ఛాంబర్‌లో ఉందండీ? రేపు పొద్దున్నే వ్యాపారికి శాంపిల్ చూపించాలి, రెండు టిక్కీలు బయట పెట్టించగలరా?’ హమాలీలకు ముందురోజే చెప్పి ఉంచకపోతే, పై వరసలు దించి కింది టిక్కీ తీసేసరికి ఎండెక్కుతుంది, వచ్చిన వ్యాపారి పక్క ఏసీకి వెళ్లిపోతాడు. అంటే మేము కట్టవలసింది ధరలు చూపించే యాప్ కాదు, మర్నాటికి టిక్కీ తీయించి ఉంచే చీటీ.

ఈ సంగతి బయటపడడం కంటే, బయటపడ్డాక జట్టులో వాదనలు ఆగిన తీరే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. కోడ్ రాసే అబ్బాయి రెండు సాయంత్రాలు ఆ బల్ల దగ్గర కూర్చొని, మూడోరోజు ఎవరూ అడగకుండానే, తాను రెండు వారాలు కష్టపడి చేసిన లాగిన్ స్క్రీన్‌ను తీసేశాడు. చేతులకు కారం అంటిన మనిషి పాస్‌వర్డ్ కొట్టడని అదే మాట నేను చెప్పి ఉంటే నెల రోజులు వాదించేవాడు. అంతకుముందు ఎవరైనా ‘కస్టమరుకు ఇది కావాలి’ అంటే అది వారి అభిప్రాయం. ఆ తరువాత నుంచి ‘పుస్తకంలో ఎన్నో పేజీ?’ అని ఎదురు ప్రశ్న వచ్చేది.

చేత్తో నడపడాన్ని డబ్బులేనివారి తంటాలుగా చూసేవారికి మనవారి ఉదాహరణే ఉంది. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, తన మిత్రులతో కలిసి మొదట తలపెట్టింది బస్సు ఆపరేటర్లకు సాఫ్ట్‌వేర్ ఇవ్వడం. ఆపరేటర్లు దాని మీద ఆసక్తి చూపకపోవడంతో, 2006లో వారి దగ్గర కొద్ది సీట్లు తీసుకొని తామే అమ్మిపెట్టడంతో రెడ్‌బస్ మొదలైంది. ఆపరేటర్ల సాఫ్ట్‌వేర్ తరువాత వచ్చింది, 2013లో ఐబిబో గ్రూపు ఆ సంస్థను కొన్నది. 2007లో పుస్తకాలతో మొదలైన ఫ్లిప్‌కార్ట్‌కు వెబ్‌సైట్ ఉన్నా, దాని వెనక పనంతా మనుషులదే. తొలి ఆర్డరు మహబూబ్‌నగర్ నుంచి వస్తే, ఆ పుస్తకాన్ని బెంగళూరు షాపుల్లో వెతికి తెచ్చి పంపింది సంస్థ పెట్టినవారే.

అయితే ఈ దారికి ఒక మోసకారి గుణం ఉంది. మనుషులు చేసే సేవలో మాటకారితనం, ఓపిక, పరిచయం కలిసిపోతాయి. కస్టమరు మెచ్చుకుంటున్నది సేవనా, ఫోను ఎత్తే కుర్రాడినా అన్నది తేలదు. మా నోటు పుస్తకంలో ఎంతో సంతోషంగా కనిపించిన ఒక ఏజెంటు, అదే పని యాప్‌లోకి మారగానే మాకు కనబడకుండా పోయాడు. పైగా చేత్తో నడపడం అలవాటైపోతుంది, రేపు కడదాం ఎల్లుండి కడదాం అంటూ ఏడాది గడిచిపోతుంది. కాబట్టి ఆపే తేదీని మొదటిరోజే గోడ మీద రాయాలి; ఆరు వారాలకు మించితే మీరు నేర్చుకోవడం మాని వ్యాపారం నడుపుతున్నారని అర్థం. రెండో షరతు, ఫోను ఒక్కరి దగ్గరే ఉండకూడదు. ఒకరు విని మిగతావారికి చెప్పేదైతే మళ్లీ వైట్‌బోర్డు దగ్గరికే వచ్చినట్టు.

రెండో దారిని నేను తోసిపుచ్చడం లేదు. ఆ రంగంలో ఏళ్లతరబడి పనిచేసి వచ్చినవారికి, అంటే పదేళ్లు మందుల షాపు నడిపి మందుల షాపులకే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కట్టేవారికి, అది మొదటిదానికంటే మేలు కావచ్చు; వారి నోటు పుస్తకం వారి తలలోనే ఉంది. ఇబ్బందల్లా ఎంవీపీలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నదానిపై గెలుపు, గట్టిగా మాట్లాడేవారిదో ఎక్కువ వాటా ఉన్నవారిదో కావడం. దీనికి విరుగుడుగా అమెజాన్‌లోని ఒక అలవాటును చాలామంది చెబుతారు: ఏమీ కట్టకముందే, ప్రోడక్ట్ విడుదలైన రోజున ఇచ్చే పత్రికా ప్రకటనను, కస్టమర్లు అడగబోయే ప్రశ్నలను, వాటికి జవాబులను ముందుగా రాసుకోవడం. అది మంచి కసరత్తే. రాయబోతే చేతికి తగిలే అస్పష్టత మాట్లాడేటప్పుడు తగలదు. కానీ కస్టమర్లు కోకొల్లలుగా ఉన్న సంస్థలో ఆ ప్రశ్నలు ఎక్కడో ఒకచోట నిజంగా విన్నవై ఉంటాయి. ఒక్క కస్టమరూ లేని ఐదుగురి సంస్థలో ప్రశ్నలూ మనవే, జవాబులూ మనవే. అందుకే ఆ కాగితం రాయండి గాని, నోటు పుస్తకం నిండాక రాయండి. దాని వెనక వైపున, తొలి ప్రోడక్ట్‌లో చేయబోనివి ఏమిటో కనీసం పది వరసలు రాసి అందరూ సంతకం పెట్టండి. మా జట్టులో ముందువైపు చదివినప్పుడు ఎవరూ నోరెత్తలేదు, వెనకవైపు రాసేటప్పుడు మాత్రం రాత్రి పదింటిదాకా కొట్లాడుకున్నాం. ఆ కొట్లాట రెండు నెలల ముందే జరగవలసింది.

మూడో దారి అరుదుగా సరైనది. కష్టం సాంకేతికతలోనే ఉన్నచోట, చేత్తో నడిపి చూపడం అసలే కుదరనిచోట, వేరే గతి లేదు. 2012లో మొదలైన ఫిగ్మా, అందరికీ అందుబాటులోకి వచ్చింది 2016లో; బ్రౌజర్‌లో అంతటి డిజైన్ సాధనం నడుస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న గనక ఆ జాప్యానికి అర్థముంది. వైద్య పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. ప్రశ్న జనం ఇష్టాయిష్టాల గురించైతే మాత్రం ఎంత డబ్బున్నా ఈ దారి కాపాడదు: ఫోనులో చూసే చిన్న వీడియోల సేవగా 175 కోట్ల డాలర్లు సమకూర్చుకున్న క్విబి 2020 ఏప్రిల్‌లో మొదలై, అదే ఏడాది డిసెంబరులో మూతపడింది.

ఒక వెబ్‌పేజీ పెట్టి ఆసక్తి ఉన్నవారి నంబర్లు సేకరించడం, ఒక పెద్ద క్లయింటు ప్రాజెక్టు చేసిపెట్టి దాన్నే ప్రోడక్ట్‌గా మలచడం అని మరో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ప్రకటనకు పనికొస్తుంది. రెండోది జీతాలకు పనికొస్తుంది.

ఇప్పుడు పెట్టిన రెండో సంస్థ హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు వేసవిలో నీటి ట్యాంకర్లు కుదిర్చిపెట్టేది. నలుగురం, ఒక ఫోను, ఆరు వారాల గడువు. ఈ వారం ఆ ఫోను కోడ్ రాసే అమ్మాయి దగ్గర ఉంది. మా అంచనా ప్రకారం ట్యాంకరు అడగవలసింది సంఘం సెక్రటరీలు. నిన్నటిదాకా ఆమె రాసిన పదకొండు పేజీల్లో తొమ్మిది వాచ్‌మన్ల ఫోన్లే, అందులోనూ సగం తెల్లవారుజామున అయిదింటికి ముందు వచ్చినవి. సోమవారం ఫోను డిజైనర్ చేతికి మారుతుంది. అతను ఇప్పటికే అలారం గురించి అడుగుతున్నాడు.